పాతకారు పూర్వోత్తరములు

నేను ముప్పదియైదు సంవత్సరములు ఉన్నతపాఠశాలలలో తెలుగు పండితుడుగా పనిచేసి 2019లో విశ్రాంతి పొందినవాడను. బాల్యమున మా తాతగారి యొద్ద కావ్యములును, వ్యాకరణమును, కొంత తర్కమును చదువుకొంటిని. అట్టివాడు మోటారుకారును గుఱించి ప్రసంగింప బూనుట మీకు వింతగా తోచవచ్చును. మా యింటివారికిని వింతగనే తోచినది. విశ్రాంతి సమయమున చేతికి వచ్చిన సొమ్ములో కొంత వెచ్చించి, నలుబదియెనిమిదేండ్ల నాటి అంబాసిడరు కారు నొకదానిని లారీమీద వేయించుకొని నేను ఇల్లు చేరిన దినమున మా పెద్దవాడు వీధి గుమ్మములో నిలిచి, "నాన్నగారూ, లోకమంతా పాతవి అమ్ముకుంటుంటే మీరు కొనుక్కొచ్చారేమిటండీ?" అనెను. ఆనాడు నేను సరియైన సమాధానము చెప్పలేకపోతిని. నేటి నా ప్రసంగము ఆ ప్రశ్నకు సమాధానమే యని మీరు భావింపవచ్చును.

మాది కృష్ణా డెల్టాలో నల్లరేగడి నేలగల యొక గ్రామము. 1973లో, శ్రావణమాసపు వర్షములలో, మా తండ్రిగారికి విషజ్వరము తగిలెను. అప్పటికి నాకు పదునాలుగేండ్లు. పొరుగు పట్టణమునుండి డాక్టరుగారు రాత్రివేళ తమ కారులో బయలుదేఱి వచ్చిరి. ఊరికి రెండు ఫర్లాంగుల దూరమున బండి బురదలో దిగబడెను. పదునైదుగురము కూడి, చక్రముల క్రింద వరిగడ్డి పఱచి, భుజములానించి దానిని గట్టెక్కించితిమి. డాక్టరుగారు తడిసిన పంచెతోనే లోనికి వచ్చి సూదిమందు నిచ్చి, తెల్లవాఱు దాక మా యరుగుమీదనే కూర్చుండిరి. ప్రొద్దు పొడిచిన పిదప మా తండ్రిగారిని ఆ బండిలోనే పట్టణమునకు గొనిపోయిరి. మా తండ్రిగారు ఆ తరువాత పదునెనిమిది సంవత్సరములు జీవించిరి. పెట్రోలును, రెక్సిను గద్దెలును, మందులపెట్టెయు కలసిన ఆ బండి వాసన నేటికిని నాకు గుఱుతు.

ఆ డాక్టరుగారు స్వర్గస్థులైరి. కుమారులు పరదేశములలో స్థిరపడి, పట్టణములోని ఇల్లు అమ్ముచు, షెడ్డులో పడియున్న కారును పాత యినుము కొనువానికి తూకమునకు ఇచ్చుటకు బేరము కుదుర్చుకొనిరి. నా పూర్వశిష్యు డొకడు ఆ సంగతి నాకు తెలియజేసెను. నేను పోయి చూచితిని. నాలుగు చక్రములలోను గాలి లేదు. ఇంజనుమీద పిచ్చుకలు గూడు పెట్టినవి. ఎలుకలు తీగలను కొఱికివేసినవి. వెనుక అద్దముమీద మాత్రము డాక్టరుగారి ఎఱ్ఱని కూడిక గుఱుతు వెలిసిపోయి కనబడుచుండెను. అఱువదివేల రూపాయలిచ్చి కొంటిని. ఇనుము కొనువాడు చెప్పిన ధరకు అది రెట్టింపునకు మించును.

పండితునకు తాళపత్ర గ్రంథమొకటి దొరికిన యెడల కర్త యెవరు, కాలమేది, ప్రతి యెచ్చటి నుండి వచ్చినది అని విచారించుట అలవాటు. నేనును నా బండి విషయమున అట్లే విచారించితిని. తెలిసిన సంగతులను సంగ్రహముగా విన్నవించెదను.

ఈ బండి వంశమునకు మూలపురుషుడు విలియం మారిసు అను ఆంగ్లేయుడు. ఆయన 1877లో జన్మించెను. పదునాఱేండ్ల ప్రాయమున, 1893లో, నాలుగు పౌనుల మూలధనముతో ఆక్సుఫర్డు నగరమున తండ్రి యింటి వెనుకనున్న షెడ్డులో సైకిళ్లను బాగుచేయు పని మొదలిడెను. సైకిళ్లనుండి మోటారుసైకిళ్లకును, వానినుండి కార్లకును సాగి, 1913లో "మారిసు ఆక్సుఫర్డు" అను కారును వెలువరించెను. ఆ నగరమునకు చేరువనున్న కౌలీ గ్రామమున ఆయన కర్మాగారము వెలసెను. ఆయనకు ప్రభుపదవి వచ్చెను. లార్డు నఫీల్డు అను పేరు వచ్చెను. సంతానము లేదు. ఆర్జించినదానిలో అత్యధిక భాగమును వైద్యమునకును విద్యకును దానమొనర్చి 1963లో మరణించెను. ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున ఆయన పేర నొక కళాశాల కలదు. ఇంత వైభవమునకును ఆది యొక మరమ్మతు షెడ్డు. ఈ మాటను మనస్సున నుంచుకొనుడు. చివరను దీనితో పని కలదు.

మన దేశమున బ్రిజ్ మోహన్ బిర్లా 1942లో హిందుస్థాన్ మోటార్సు అను కంపెనీని స్థాపించెను. మొదట అది గుజరాతు తీరమున ఓఖా రేవునందుండెను. 1948లో కలకత్తాకు చేరువగా, హుగ్లీ నదీతీరమున, ఉత్తరపాడకు మాఱెను. మారిసు కంపెనీవారి నమూనాలను తీసికొని ఇచ్చట కార్లు చేయుటకు ఒప్పందము కుదిరెను. హిందుస్థాన్ టెన్, ల్యాండుమాస్టరు మున్నగునవి యట్లు వచ్చినవే. ఇంగ్లండులో 1956లో వెలువడిన మూడవ శ్రేణి మారిసు ఆక్సుఫర్డు, 1957-58లో ఇచ్చట అంబాసిడరు అను పేర అవతరించెను. రాయబారి యని దాని యర్థము. 1959 నుండి దానికి 1489 ఘన సెంటీమీటర్ల కొలతగల క్రొత్త యింజను నమర్చిరి. నా బండిలో నున్నది ఆ జాతి యింజనే.

ఇంగ్లండులో ఆ మూడవ శ్రేణిని 1959లోనే నిలిపివేసిరి. ఇచ్చట అదే రూపము, ముక్కును దీపములను కొంచెము మార్చుకొనుచు, 2014 వఱకు సాగెను. పుట్టినింట మూడేండ్లు, మెట్టినింట ఏబదియాఱేండ్లు! ఇంత దీర్ఘాయువునకు కారణమేమి? బండి గొప్పతనమే యని మనము మురిసిపోరాదు. చరిత్ర చెప్పువాడు ఇష్టమైన వస్తువును గుఱించియు నిజమే చెప్పవలెను.

1953లో టారిఫ్ కమిషనువారు, ఈ దేశముననే భాగములను తయారుచేయు ఏర్పాటులేక కేవలము తెచ్చి బిగించు కంపెనీలకు తావుండరాదని సలహా నిచ్చిరి. బొంబాయిలో 1928 నుండి కార్లను బిగించుచుండిన అమెరికా కంపెనీ జనరల్ మోటార్సు తరువాతి సంవత్సరముననే ఆ పని మానుకొనెను. విదేశద్రవ్యము కొఱతగా నుండుటచే బయటి కార్లకు ద్వారములు మూసిరి. పరిశ్రమలకు లైసెన్సులు పరిమితములు. తుదకు కార్లు చేయువారు ముఖ్యముగా ముగ్గురు మిగిలిరి: ఉత్తరపాడవారు, ఫియటు కార్లు చేయు బొంబాయి ప్రీమియర్ కంపెనీవారు, మద్రాసు స్టాండర్డు కంపెనీవారు. కొనదలచినవాడు సొమ్ము ముందుగా కట్టి, పేరు వ్రాయించుకొని, సంవత్సరముల తరబడి వేచియుండెను. పోటీ లేనిచోట దిద్దుబాటు మందగించుట లోకస్వభావము. స్టీరింగు బరువు, బ్రేకులు బరువు, నూనె కాఱుట సహజము, పెట్రోలు త్రాగుట అధికము. ఈ దోషములు నా బండికిని కలవు.

అయినను మన యూళ్లకు అది తగినట్టి బండి. గోతుల బాటలకు తట్టుకొను కమాను కట్టలు వెనుక నుండెను. గేరుకఱ్ఱ స్టీరింగు ప్రక్కనే యుండుటచే ముందు గద్దెమీద ముగ్గురు కూర్చుండవచ్చును. పెండ్లికొడుకును, తోడిపెండ్లికొడుకును, మేనమామయు, పిల్లలును, బిందెలును, పెట్టెలును అన్నియు అందులో నిమిడెడివి. తెల్లని అంబాసిడరు వచ్చినదనగా కలెక్టరుగారో, మంత్రిగారో వచ్చిరని యూరు ఊరంతయు చెఱువుగట్టుమీదికి చేరెడిది. పైన తిరుగు ఎఱ్ఱదీపము అధికారమునకు చిహ్నమైనది. ఆ దీపములను 2017 మే 1వ తేదీనుండి కేంద్రప్రభుత్వము తొలగించినది. దీపము పోవుటకు మూడేండ్లకు ముందే బండి పోయినది.

పోవుట యిట్లు: 1983 డిసెంబరు 14వ తేదీన జపానువారి సాయముతో తయారైన మారుతి కారు వెలువడెను. అది చిన్నది, తేలికయైనది, పెట్రోలు తక్కువ త్రాగునది. 1991 పిదప లైసెన్సుల కట్టుబాటు సడలి, దేశదేశముల కార్లు వచ్చెను. 1980ల నడుమ ఏటికి 24,000 ప్రాంతమున అమ్ముడుపోయిన అంబాసిడర్లు 2013-14లో రెండువేల పైచిల్లరకు దిగెను. 2014 మే 24వ తేదీన ఉత్తరపాడ కర్మాగారమున పని నిలిచెను. రెండువేలకు పైబడిన కార్మికులు వీధిని పడిరి. 2017లో అంబాసిడరు అను పేరును మాత్రము ఫ్రాన్సు దేశపు పెజో కంపెనీవారు 80 కోట్ల రూపాయలకు కొనిరి. వట్టి పేరు 80 కోట్లు. ఊపిరితో నున్న నా బండి అఱువదివేలు! ధరకును విలువకును గల సంబంధము మా వ్యాకరణమునకు అందునది కాదు.

ఇక పాతబండిని కొనదలచువారికి నా యనుభవము నాలుగు మాటలలో చెప్పెదను. గుఱ్ఱమును కొనువాడు పండ్లు చూచినట్లు, పాతకారును కొనువాడు అడుగు చూడవలెను. పూర్వపు కార్లకు క్రింద ఇనుప దూలములుండి, పైన పెట్టె వేఱుగా బిగింపబడెడిది. అంబాసిడరు అట్టిది కాదు. పెట్టెయే బరువు మోయును. కావున అడుగు రేకులును, తలుపుల క్రింది అంచులును త్రుప్పు తినినచో, గోడ చెమ్మగిలిన మట్టియింటితో సమానము. పైరంగు మెఱుపునకు మోసపోరాదు. సుత్తిపిడితో మెల్లగా తట్టి చూడవలెను. గట్టిరేకు మ్రోగును, పూత పూసి కప్పినది బొద్దుగా పలుకును. పొగగొట్టమునుండి నీలిపొగ వచ్చినచో ఇంజను నూనె త్రాగుచున్నదని తెలియవలెను. మఱియు అన్నిటికంటె ముఖ్యము, బండిమీద కొట్టిన చాసిస్ నంబరును ఇంజను నంబరును రిజిస్ట్రేషను పుస్తకములోని అంకెలతో అక్షరాక్షరము సరిచూడవలెను. యజమాని గతించినవాడైనచో వారసులందఱి సమ్మతియు వ్రాతమూలముగా నుండవలెను. నేను రేకులు చూచితిని గాని గడువు చూడలేదు. పదునైదేండ్లు నిండిన బండికి ఐదేండ్ల కొకమాఱు అర్హత పరీక్ష చేయించి రిజిస్ట్రేషను పొడిగింపవలెను. డాక్టరుగారి తుదిదినములలో ఆ గడువు దాటిపోయెను. అపరాధ రుసుములు కట్టి, ఆఫీసు మెట్లు ఎక్కి దిగి, నా పేరు ఆ పుస్తకమున చేరుటకు ఏడు నెలలు పట్టెను.

బండిని బ్రతికించినవారు విజయవాడ ఆటోనగరులో నొక వృద్ధ మేస్త్రీగారు. అందఱును ఆయనను సాయిబుగారని పిలుతురు. తన పండ్రెండవ యేట ల్యాండుమాస్టరు క్రింద పడుకొని పని నేర్చినవాడు. ఆయన మొదట ఇంజనును తిప్పనీయలేదు. సిలిండర్లలో నూనె పోసి మూడు దినములు నానబెట్టెను. నాలుగవనాడు చేతితో మెల్లగా త్రిప్పి, కదలిన పిదప చెవిపెట్టి విని, "ప్రాణముంది మాస్టారూ" అనెను. తరువాత పని యెనిమిది నెలలు సాగెను. సిలిండర్లు బోరు చేయించి క్రొత్త పిస్టన్లు వేసెను. తీగలన్నియు మార్చెను. అడుగు రేకులు కోసి క్రొత్తవి అతికెను. ఖర్చు రెండు లక్షలకు చేరువయ్యెను. ఈ లెక్కను నేను ఇంటిలో ఒక్కసారిగా చెప్పలేదని ఒప్పుకొనుచున్నాను.

ఆయన చెప్పుదాక నాకు తెలియని సంగతులు కొన్ని కలవు. పూర్వము పెట్రోలులో సీసము కలిపెడివారు. అది ఇంజను కవాటముల పీటలకు మెత్తని పూతవలె పనిచేసెడిది. ఆరోగ్యమునకు హానికరమగుటచే 2000 ఫిబ్రవరి నుండి దేశమంతటను సీసము లేని పెట్రోలునే అమ్ముచున్నారు. అది మంచి పని. కాని పాత యింజనులలో పీటలు అరిగిపోవును. అందుచే వానియందు గట్టి ఉక్కు వలయములు పొదిగించితిమి. 2023 నుండి నూటికి ఇరువది పాళ్లు ఎథనాలు కలిసిన పెట్రోలు వచ్చుచున్నది. అది పాత రబ్బరు గొట్టములను మెత్తబఱచును. నిలువయున్నచో తేమను పీల్చును. "గొట్టాలన్నీ మార్పించుకోండి మాస్టారూ, బండిని వారానికోసారైనా తిప్పండి" అని ఆయన ఒకటికి రెండుమార్లు చెప్పెను. నేను ఖర్చునకు వెనుదీసి, పెట్రోలు గొట్టము మార్పించితిని గాని నీటి గొట్టమును విడిచితిని. మేనకోడలి పెండ్లికి పోవుచుండగా నడిబాటలో అది పగిలి, ఆవిరి చిమ్మెను. మా యింటావిడ పట్టుచీర కట్టుకొని వేపచెట్టు క్రింద రెండుగంటలు కూర్చుండెను. ట్రాక్టరు కట్టి బండిని లాగించుకొని ముహూర్తము దాటిన పిదప చేరితిమి. ఆ దోషము బండిది కాదు, మేస్త్రీది కాదు, కేవలము నాది.

పాతబండ్లను గౌరవించు ఆచారము ఎక్కడ మొదలయ్యెనో చెప్పి, అసలు విషయమునకు వచ్చెదను. ఇంగ్లండులో 1865 నాటి చట్టము ప్రకారము, బాటమీద నడచు ఇంజనుబండికి అఱువది గజముల ముందు ఒక మనిషి ఎఱ్ఱజెండా పట్టుకొని నడువవలెను. వేగము ఊరిబయట గంటకు నాలుగు మైళ్లు, ఊరిలో రెండు. కొన్నాళ్లకు జెండా నిబంధన సడలెను. 1896లో క్రొత్త చట్టము వచ్చి వేగపు కట్టు వదలెను. ఆ సంతోషమున అదే సంవత్సరము నవంబరు 14వ తేదీన మోటారువారు లండను నుండి బ్రైటను పట్టణమునకు బండ్లు తోలిరి. 1927లో ఆనాటి పాతబండ్లతోనే ఆ యాత్రను మఱల జరిపిరి. నాటినుండి అది యొక వార్షికోత్సవమైనది. 1905కు పూర్వపు బండ్లకే అందు ప్రవేశము. మన దేశమున స్టేట్స్‌మన్ పత్రికవారు 1964లో ఢిల్లీలో పాతకార్ల యాత్రను ఆరంభించిరి.

2021లో కేంద్రప్రభుత్వమువారు ఇట్టి బండ్లకు ప్రత్యేక నియమములు చేసిరి. మొదటి రిజిస్ట్రేషను జరిగి ఏబది యేండ్లు దాటి, మూలరూపమును కోల్పోక, పెనుమార్పులు పొందక నిలిచిన బండి పురాతన వాహనము. దానికి ఇరువదివేల రూపాయల రుసుముతో, వి.ఎ. అను అక్షరములు గల ప్రత్యేక సంఖ్య పదేండ్లకు లభించును. అయితే అట్టి బండి ప్రదర్శనలకును, యాత్రలకును, పరిశోధనకును, మరమ్మతులకును తప్ప నిత్యవ్యవహారమునకు రోడ్డెక్కరాదు. నా బండి మొదట రిజిస్టరయినది 1971లో. సరిగా ఆ 2021వ సంవత్సరముననే దానికి ఏబది నిండెను!

అప్పుడు నాకొక ధర్మసంకటము కలిగెను. అడుగు రేకులు మార్చితిమి, పిస్టన్లు మార్చితిమి, తీగలు మార్చితిమి, గద్దెల బట్ట మార్చితిమి. ఇది ఆ బండియేనా? మా తర్కశాస్త్రము ఈ విషయమున కఠినము. వస్త్రమునుండి ఒక్క నూలుపోగు తీసినను పూర్వవస్త్రము నశించి వేఱొక వస్త్రము పుట్టినదని నైయాయికుల మతము. పెనుమార్పులు కూడదను ఈ నియమమును వ్రాసిన అధికారి నైయాయికుడై యుండవలె నని నేను నవ్వుకొంటిని. కాని ఆగమములు జీర్ణోద్ధారణ మని వేఱొక మార్గము చూపినవి. ఆలయము శిథిలమైనచో దైవశక్తిని బాలాలయమున ఆవాహనచేసి, విఱిగిన రాళ్లను తీసి క్రొత్తవి పెట్టి, మఱల ప్రతిష్ఠింతురు. రాయి మాఱినను దేవుడు మాఱడు. ఎందుకనగా పూజ ఆగలేదు. దేవుని యెదుట ఇనుపబండి యేపాటిది! దోషమున్న క్షమింపుడు. ఐనను ఆ న్యాయము నాకు దారి చూపినది. ఏది మార్చవచ్చును, ఏది మార్చరాదు అను వివేకమే పాతవస్తువును ఉంచుకొనుటలోని ధర్మము. ప్రాణరక్షణకై ముందు గద్దెకు పట్టీలు పెట్టించితిమి, అది తగును. డాక్టరుగారి యెఱ్ఱ గుఱుతును చెఱుపలేదు, అది తగదు. జపాను ఇంజను వేసికొమ్మని చెప్పినవారు కలరు, ఒప్పుకొనలేదు.

హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున నొక సింహాసనపు రోల్సురాయిసు కారు కలదు. ఆఱవ నిజాము మహబూబు అలీఖాను కోరి చేయించినది. అది వచ్చులోగా, 1911లో, ఆయన కాలధర్మము నొందెను. పసుపురంగుతో, లోపల ఎత్తయిన ఆసనముతో అది నేటికిని మెఱయుచున్నది. నడచినది మాత్రము మిక్కిలి తక్కువ. అది రాతిశాసనము వంటిది. దానిని అట్లుంచుటయే ధర్మము. నా బండి నిత్యపారాయణ పుస్తకము వంటిది. దానిని గాజుపెట్టెలో పెట్టినచో అక్షరములుండును గాని చదువు పోవును. కావున ప్రత్యేక సంఖ్యకు దరఖాస్తు పెట్టక, ఐదేండ్ల కొకమాఱు అర్హత పరీక్షకు నిలుచు సామాన్య మార్గముననే యుంటిని.

ఇంతలో పరీక్ష మఱొక దిక్కునుండి వచ్చెను. నగరమునుండి యొక హోటలు యజమాని వచ్చి, బండిని చూచి, ఐదు లక్షల రూపాయలిత్తునని పలికెను. తన హోటలు ముందుసాలలో అలంకారముగా నిలుపునట. ఆ యేడు మా యింటి పైకప్పు కాఱుచుండెను. మా పెద్దవాడు ఏమియు అనలేదు. కారుచోట గిన్నె పెట్టి ఊరకుండెను. ఆ మౌనము నన్ను బాధించెను. ఇచ్చివేయుటకు నిశ్చయించుకొని, సాయిబుగారికి చెప్పుటకు పోయితిని. ఆయన చూపు అప్పటికే మసకబారినది. చేతిగుడ్డతో వేళ్లు తుడుచుకొనుచు, "ఇచ్చేయండి మాస్టారూ, తప్పేముంది? ఇల్లు ముందు. కాకపోతే నూనె, నీళ్లు అన్నీ తీయించి ఇవ్వండి. లేకపోతే వాళ్ల పాలరాయి పాడైపోద్ది" అనెను. ఆ మాటలో నిష్ఠురము లేదు. కాని నూనెయు నీరును తీసిన బండి నా కన్నుల యెదుట నిలిచెను. మూడు దినములు నానబెట్టి ఆయన వినిన ప్రాణమును నేనే తీయించి పంపవలెను. నేను మఱునాడు హోటలువారికి కాదని చెప్పితిని. పైకప్పును బ్యాంకు అప్పుతో వేయించితిమి. ఆ వాయిదాలు ఇంకను తీరలేదు. ఇది వివేకమో అవివేకమో మీరే నిర్ణయింపుడు.

నాటినుండి నాకు తోచిన దొకటి. విడిభాగములకు కొఱత లేదు. ఆటోనగరు పాతసామాను అంగళ్లలో ఇంకను దొరకుచున్నవి. కొఱతపడుచున్నవి చేతులు. సాయిబుగారి మనుమలు వేఱు వృత్తులలో చేరిరి. ఆయన చెవిలో నున్న విద్య ఏ గ్రంథమునను లేదు. తాళపత్రము పురుగు తినినందుచే గ్రంథము పోదు. తిరిగి వ్రాయువాడు లేక పోవును. అందుచే మా యూరిలో పదవ తరగతి తప్పి తిరుగుచున్న కుఱ్ఱవాని నొకనిని ఆయన యొద్ద చేర్చితిని. మొదటి నెలలో వాడు గిన్నెలు కడిగి, బోల్టులు తుడిచెను. రెండవ యేట టాపెట్లు సరిచేయుట నేర్చెను. మొన్న నా బండి శబ్దము విని, నేను చెప్పకముందే, "మాస్టారండీ, మూడో దాంట్లో తేడా ఉంది" అనెను. సాయిబుగారు చూడలేకున్నను, విని తల యూపెను.

నా తరువాత ఈ బండి ఎవరికని మా పెద్దవాడు మొన్న అడిగెను. బాగుచేయగలవానికి, నడుపువానికి అని చెప్పితిని. వాడు నవ్వి, "అయితే ఆ అబ్బాయికే కదండీ" అనెను. అవునంటిని. వాడు కాదనలేదు.

పెద్దలారా! పాతకారు కొనుడని నేను మీకు చెప్పుట లేదు. అది కొంచెము సొమ్మును, చాల ఓర్పును కోరును. కాని మీ యూళ్లలో నీళ్లు తోడిన ఆయిలింజనులను పలికింపగలవారు, బండిచక్రములకు పట్టాలెక్కింపగలవారు, చేతిమగ్గమును సవరింపగలవారు ఒకరిద్దఱైన మిగిలియుందురు. వారి యొద్దకు ఒక పిల్లవానినో పిల్లనో పంపుడు. నాలుగు పౌనులతో సైకిళ్లు బాగుచేసిన కుఱ్ఱవానితో ఆరంభమైన ఈ కథ, ఆటోనగరులో నూనెచేతుల కుఱ్ఱవాని యొద్దకు వచ్చి చేరినది. అటుపై సాగుట మన చేతిలో నున్నది.